ఫాంటమ్ పెళ్ళి మాట: ఏ కూర్పులో చదివితే రుచి

అబ్బాయిది పెద్ద వంశం. ఇరవై తరాల చరిత్ర లావుపాటి పుస్తకాల్లో రాసిపెట్టి ఉంది. ఆస్తికి లోటు లేదు, ఇంట్లో ఒక గది గదంతా నగలూ రత్నాలే. చెడు అలవాట్లు అసలే లేవు. రేవు పట్టణంలో రౌడీలు కూర్చునే బారుకి వెళ్ళినా గ్లాసుడు పాలే అడుగుతాడు. ఇక్కడిదాకా ఏ పెళ్ళిళ్ళ పేరయ్యయినా హుషారుగా చెప్పుకొస్తాడు. ఆ తర్వాతే గొంతు తగ్గించాలి. ఇల్లెక్కడ? నడి అడవిలో, పుర్రె ఆకారంలో ఉన్న ఒక గుహ. ఉద్యోగం? బయటికి చెప్పేది కాదు. పోనీ మనిషి ఎలా ఉంటాడు? ముసుగు లేని ముఖం చూసినవాడు ఘోరంగా చస్తాడని అడవిలో సామెత.

ఈ సంబంధం కుదరడానికి 41 ఏళ్ళు పట్టింది. లీ ఫాక్ రాసిన ‘ఫాంటమ్’ కామిక్ స్ట్రిప్పు, అంటే రోజూ పత్రికలో వచ్చే బొమ్మల కథ, 1936 ఫిబ్రవరి 17న అమెరికా పత్రికల్లో మొదలైంది. అతను మనసుపడిన డయానా పామర్ మొట్టమొదటి కథలోనే ఉంది. పెళ్ళి మాత్రం 1977లో. మధ్యలో ఒక ప్రపంచయుద్ధం వచ్చి వెళ్ళింది, మనిషి చంద్రుడి మీద నడిచాడు, స్ట్రిప్పు గీసే చిత్రకారులు మారారు. వీళ్ళిద్దరూ మాత్రం రేపు మాపు అంటూనే ఉన్నారు.

ఆ పెళ్ళి ముచ్చట చదవాలని ఉంది, దేంట్లో చదవమంటావు అని ఈమధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. పాత ఇంద్రజాల్ కామిక్స్ సంచికలు వెతకాలా, విదేశీ పుస్తకాలు తెప్పించుకోవాలా, సినిమా చూస్తే పనైపోతుందా అని. నా మాట ముందే చెప్పేస్తాను. ఈ కథలో అసలు సరుకు అడగడంలో లేదు, అన్నేళ్ళు అడక్కుండా ఉండిపోవడంలో ఉంది. ఆ ఎదురుచూపు ఏ కూర్పులో ఎక్కువ కనిపిస్తే అదే మంచి కూర్పు. నా తూకంరాయి ఇదొక్కటే.

ఎందుకు ఆగాడు

దీనికి రెండు కారణాలు. ఒకటి కథ లోపలిది, రెండోది పత్రికల వ్యాపారానిది.

కథ లోపలి సంగతి ఇది. 1536లో సముద్రపు దొంగలు ఓడ మీద పడి అందర్నీ చంపేస్తే, ఒక్క కుర్రాడు బెంగాలా అనే కల్పిత దేశపు తీరానికి కొట్టుకొచ్చాడు. తండ్రిని చంపినవాడి పుర్రె మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాడు: సముద్రపు దోపిడీ మీద, దురాశ మీద, క్రూరత్వం మీద, అన్యాయం మీద తాను పోరాడతానని, తన కొడుకులూ వాళ్ళ కొడుకులూ అదే దారిలో నడుస్తారని. అతనే మొదటి ఫాంటమ్. తండ్రి చనిపోగానే కొడుకు అదే ముసుగు, అదే దుస్తులు వేసుకుంటాడు. అందుకే అడవిలో అందరూ వీడికి చావు లేదనుకుంటారు. మనం చదివేది 21వ అతని కథ. ఇక్కడే చిక్కుంది చూడండి. చావు లేదన్న నమ్మకం నిలవాలంటే కొడుకు పుట్టాలి. కొడుకు కావాలంటే పెళ్ళి కావాలి. అంటే ఈయన ఎంతకాలం బ్రహ్మచారిగా ఉంటే అంతకాలం నాలుగు వందల ఏళ్ళ ప్రమాణం గాల్లో దీపమే.

మన పెద్దవాళ్ళు పిల్లనివ్వడానికి అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడమంటారు. డయానా వాళ్ళమ్మ లిల్లీ పామర్‌కి ఇరవై తరాలు చూపించే వీలుండీ చూపించలేడు పాపం. ఆవిడకి కనిపించేదల్లా నల్ల కళ్ళద్దాలు, టోపీ, గళ్ళ ఓవర్‌కోటు వేసుకుని వాకర్ అని పేరు మార్చుకుని ఎక్కడినుంచో ఊడిపడే ఒక మనిషి, వాడి పక్కన కుక్కలా నడిచే ఒక తోడేలు. చిరునామా లేనివాడికి పిల్లనెలా ఇస్తుంది? పాత కథల్లో ఆవిడ వేరే సంబంధాల వైపు మొగ్గుతుంటే నాకు కోపం రాదు. నేనైనా అదే చేస్తాను.

రెండో కారణం మరీ మొరటుది. సాహస స్ట్రిప్పులో నాయకుడు పెళ్ళికాని వాడైతేనే ప్రతి కథలో ఒక కొత్త రాణి అతని మీద మనసు పడుతుంది. 1936లోనే వచ్చిన ఆకాశ దొంగల కథలో అందరూ ఆడవాళ్ళే ఉన్న ముఠా, అందులో ఫాంటమ్ మీద మనసుపడిన నాయకురాలు. తాళి కట్టిన మరుక్షణం ఆ తలుపు మూసుకుపోతుంది. అందుకని ఏటేటా కథ డయానా దగ్గరికి వెళ్ళడం, సరిగ్గా ఆ మాట నోటిదాకా వచ్చినప్పుడు ఏదో ఆపద రావడం, మళ్ళీ అడవికి పరుగు. మన చందమామ భేతాళ కథల్లో రాజు మౌనం చెదరగానే శవం మళ్ళీ చెట్టెక్కినట్టు. హిందీలో ఫాంటమ్‌కి వేతాల్ అని పేరు పెట్టినవాళ్ళు ఇదంతా ఆలోచించి పెట్టారని అనను గానీ, పేరు భలే అతికింది.

అసలు దినపత్రిక స్ట్రిప్పు

నా ఓటు దీనికే, అందుకని దీని గురించే ఎక్కువ చెబుతాను.

పత్రికలో రోజుకి ఒక పట్టీ. మూడో నాలుగో ఫ్రేములు, నలుపు తెలుపులో. మొదటి ఫ్రేము నిన్నటిది గుర్తు చేస్తుంది, మధ్యది కథని ఒక్క అడుగు జరుపుతుంది, చివరిది రేపటికి ముడి వేస్తుంది. సోమవారం తలుపు తట్టిన చప్పుడవుతుంది. మంగళవారం తలుపు తెరుచుకుంటుంది. బుధవారానికి గానీ వచ్చిందెవరో తెలియదు. ఈ నడకలో ఒక మగాడు పెళ్ళి మాట ఎత్తడమంటే అది అరనిమిషం పని కాదు, రోజుల పని. పాఠకుడు పొద్దున కాఫీతో ఒక ముక్క చదివి ఆఫీసుకెళ్ళి, మర్నాడు పొద్దున ఇంకో ముక్క చదువుతాడు. బెదురు, తడబాటు, సగంలో ఆగిన మాట, వీటన్నిటికీ ఈ పద్ధతిలో చోటు దొరుకుతుంది. సినిమాకి గానీ, ముప్పై పేజీల సంచికకి గానీ అంత ఓపిక ఉండదు.

ఇంకో తమాషా ఉంది. ఆదివారం రంగుల పేజీ 1939 మేలో మొదలైంది, అందులో నడిచేది వేరే కథ. రోజువారీ పట్టీకీ దానికీ సంబంధం లేదు. ఒకే వారంలో ఫాంటమ్ పట్టీలో ఒకచోట, ఆదివారం ఇంకోచోట ఉండొచ్చు. పుస్తకాలుగా కూర్చినప్పుడు ఈ రెంటినీ విడివిడి వరసలుగానే వేస్తారు. కొనేముందు చేతిలో ఉన్నది ‘డెయిలీస్’ సంపుటమా ‘సండేస్’ సంపుటమా అని చూసుకోండి. అట్ట మీద పేరొకటే ఉంటుంది, లోపల కథ వేరు.

బొమ్మల సంగతి. మొదటి చిత్రకారుడు రే మూర్. నీడలు, పొగ, సగం చీకట్లో ముఖాలు. తర్వాత విల్సన్ మెక్‌కాయ్, మొద్దు గీతలు, పొట్టి మనుషులు, పిల్లలకి తేలిగ్గా పట్టుబడే బొమ్మలు. 1961 నుంచి 1994 దాకా సై బ్యారీ. మనలో చాలామందికి ఫాంటమ్ అనగానే కళ్ళముందు మెదిలేది బ్యారీ గీసిన ఫాంటమే: కండలు తిరిగిన ఒళ్ళు, దట్టమైన నల్ల సిరా, నిజంగా అడవిలా కనిపించే అడవి. పెళ్ళి కథ ఆయన రోజుల్లోదే. డయానాకి ఒక వయసు, ఒక తీరు వచ్చింది ఆయన చేతిలోనే అని నా నమ్మకం. మూర్ గీసిన డయానా అందంగా ఉంటుంది, బ్యారీ గీసిన డయానా ఆలోచిస్తున్నట్టు ఉంటుంది. పెళ్ళి మాట వినాల్సిన మనిషికి ఈ రెండోదే ముఖ్యం.

ఇబ్బందులు కూడా చెప్పాలి. పట్టీలన్నీ ఒకేసారి చదివితే ప్రతి మొదటి ఫ్రేమూ నిన్నటిదే మళ్ళీ చెబుతున్నట్టుండి విసుగొస్తుంది. అమెరికాలో హెర్మిస్ ప్రెస్ వేసిన గట్టి అట్టల సంపుటాలు మన జేబుకి బరువే. ఈ స్ట్రిప్పుని పత్రికలకి అందించే కింగ్ ఫీచర్స్ వాళ్ళ కామిక్స్ కింగ్‌డమ్ సైటులో చందా కట్టి పాత స్ట్రిప్పులు చదువుకోవచ్చు. ఫోనులో కన్నా పెద్ద తెర మీద బాగుంటాయి, బ్యారీ సిరా చిన్న తెర మీద మరకలా కనిపిస్తుంది.

ఇంద్రజాల్ పాత సంచికలు

ఇక్కడ నాకు పక్షపాతం ఉంది, ముందే ఒప్పుకుంటున్నాను. టైమ్స్ ఆఫ్ ఇండియా వాళ్ళు 1964 మార్చిలో మొదలుపెట్టి 1990 దాకా వేసిన ఇంద్రజాల్ కామిక్స్ లేకపోతే మన తరానికి ఫాంటమే లేడు. మొదటి 32 సంచికలూ ఫాంటమ్ కథలే. నేను ఇంగ్లీషువి కూడబలుక్కుని చదివాను, హిందీ మీడియంలో చదివిన మా అక్క వేతాల్‌నే చదివింది. ఒకే మనిషి గురించి ఇద్దరం రెండు పేర్లతో పోట్లాడుకునేవాళ్ళం.

మన దేశం కోసం వాళ్ళు చేసిన మార్పులు చూస్తే నవ్వొస్తుంది. బెంగాలా ‘డెంకాలీ’ అయింది. ఫాంటమ్ వంశానికి పాత శత్రువులైన సింగ్ అనే సముద్రపు దొంగలు ‘సింగా’ దొంగలయ్యారు, ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. ఇరవయ్యో ఫాంటమ్‌ని చంపినవాడి పేరు అసలు స్ట్రిప్పులో రామ. దాన్ని ఇక్కడ ‘రామాలు’ చేశారు. ఎవరి మనోభావాలూ దెబ్బతినకూడదని కాబోలు. చదివిన ప్రతిసారీ మా వీధి చివర సైకిల్ షాపు పెట్టుకున్న ఒక రాములు గుర్తొచ్చి నాకు భయం వేసేది కాదు.

పెళ్ళి మాట కోసం మాత్రం ఇంద్రజాల్ నా రెండో ఎంపికే. కారణం కత్తెర. మూడు నాలుగు నెలల పట్టీల్ని ఒక సంచికలో ఇరికించాలంటే ఫ్రేములు తెగ్గొయ్యాలి, కొన్ని తీసెయ్యాలి, మాటలు కుదించాలి. దొంగల్ని తన్నే కథకి ఇది మేలే చేస్తుంది, పరుగు పెరుగుతుంది. ఇద్దరు మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకునే చోట మాత్రం, కత్తెర ముందు పడేది మాటలు లేని ఫ్రేము మీదే. మాటల్లేని ఆ ఫ్రేములోనే గదా అసలు విషయం ఉండేది.

కొనాలనుకుంటే హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాలు పరిచే చోటా, విజయవాడ లెనిన్ సెంటర్‌లోనూ ఓపిగ్గా వెతకండి. ఒకసారి నేను ఇలాగే ఒకటి బేరమాడి కొన్నాను. అట్ట బాగుంది. లోపల మొదటి పేజీలో ఎవరో పిల్లవాడు నీలం పెన్నుతో తన పేరు, తరగతి, సెక్షన్ రాసుకుని, ఫాంటమ్‌కి మీసాలు గీశాడు. ముచ్చటపడి డబ్బులిచ్చి ఇంటికొచ్చాను. చూస్తే మధ్యలో పిన్నులు తుప్పుపట్టి నడిమి కాగితం ఊడిపోయింది. నడిమి కాగితమంటే నాలుగు పేజీలు. డయానా విమానం దిగుతుంది, తర్వాతి పేజీలో విమానం ఎక్కేస్తుంది. మధ్యలో ఏం జరిగిందో ఆ మీసాలు గీసినవాడికే తెలియాలి. అందుకని చెప్పేదేమిటంటే, అట్ట చూసి మురిసిపోకుండా అక్కడే కూర్చుని పేజీలు లెక్కపెట్టుకోండి. అమ్మేవాళ్ళు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

ఆస్ట్రేలియా, స్వీడన్

ఫాంటమ్ పుట్టిన అమెరికాలో కన్నా బయటే ఎక్కువ బతికాడు. ఆస్ట్రేలియాలో ఫ్రూ అనే సంస్థ 1948 నుంచి ఫాంటమ్ పుస్తకాలు వేస్తూనే ఉంది. స్వీడన్‌లో 1950 నుంచి ‘ఫాంటొమెన్’ పత్రిక ఉంది. అక్కడివాళ్ళు లీ ఫాక్ కథలతో ఆగకుండా సొంతంగా కొత్త కథలు రాయించుకున్నారు. అక్కడ ఫాంటమ్ దుస్తులు ఊదా కాదు, నీలం. ఇటలీలో ఎరుపు. మొదట్లో ఫాక్ మనసులో ఉన్నది బూడిదరంగు, రంగుల అచ్చు వచ్చేసరికి ఊదా అయింది.

మన అవసరానికి వస్తే, పెళ్ళి తర్వాత వీళ్ళ కాపురం ఎలా సాగిందో చూడాలనుకునేవాళ్ళకి ఇవి పనికొస్తాయి. పెళ్ళి మాట కోసమే అయితే ఇంత దూరం వెళ్ళక్కర్లేదు. పోస్టు ఖర్చు కూడా కలుపుకోండి.

సినిమా

1996లో బిల్లీ జేన్ ఫాంటమ్‌గా, క్రిస్టీ స్వాన్‌సన్ డయానాగా ఒక సినిమా వచ్చింది. 1930ల నాటి కథ, గుర్రాలు, విమానాలు, పుర్రెల వెనక పరుగు. ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి చూడ్డానికి బాగుంటుంది. పెళ్ళి మాట మాత్రం అందులో లేదు. చివర్లో ఫాంటమ్ తన రహస్యాన్ని ఒక్కరికి మాత్రమే చెప్పొచ్చని, అది పెళ్ళాడబోయే ఆమెకేనని ఒక మాట వస్తుంది. అక్కడితో ఆమె విమానం వెళ్ళిపోతుంది. అంతే. 41 ఏళ్ళలో మొదటి ఏడాది మాత్రమే చూసినట్టు. ఇంట్లో పిల్లలకి మనుషుల్ని పరిచయం చేయడానికి వాడుకోండి, అంతకన్నా ఆశించొద్దు.

టార్జాన్, వేలియంట్, మాండ్రేక్

ఫాంటమే కావాలని పట్టుదల లేదు, పాత సాహస కథల్లో పెళ్ళి మాట ఎక్కడ బాగుంటుందో చెప్పమంటే కొంచెం చుట్టూ చూడాలి. అడవి నాయకుల్లో పెద్దన్న టార్జాన్. కామిక్ స్ట్రిప్పుగా 1929 జనవరిలో వచ్చాడు గానీ, అసలు కథ అంతకుముందే నవలల్లో తేలిపోయింది. మొదటి నవల చివర జేన్‌ని వేరేవాడికి వదిలేసుకుంటాడు, రెండోదాంట్లో పెళ్ళాడతాడు. త్యాగం నచ్చేవాళ్ళకి అది. అయితే ఎదురుచూపు ఒక్క పుస్తకం దూరమే.

పాతకాలపు వీరుల కథ ప్రిన్స్ వేలియంట్ దారి వేరు. హాల్ ఫోస్టర్ 1937లో మొదలుపెట్టాడు, 1946లో అలేటాతో పెళ్ళి చేశాడు, మరుసటేడు కొడుకు పుట్టాడు. ఆ స్ట్రిప్పులో మనుషులకి వయసు వస్తుంది, జుట్టు నెరుస్తుంది. బొమ్మల కోసమే అయితే ఫాంటమ్ దాని దరిదాపులకి రాడు. కానీ వేలియంట్ పెళ్ళి మాట ఎత్తడు, అమ్మాయిని ఎత్తుకుపోతాడు. ఈ రోజుల్లో చదువుతుంటే ఎక్కడో మింగుడుపడదు.

మాంత్రికుడు మాండ్రేక్ గురించి ఒక్క ముక్క. అదీ లీ ఫాక్ సృష్టే, 1934లో పుట్టింది. ప్రియురాలు నార్దాతో అతని పెళ్ళి 1997లో. అంటే 63 ఏళ్ళు! ఫాంటమ్ పెళ్ళికి అతిథిగా వచ్చి అక్షింతలు వేసిన మాండ్రేక్ తన పెళ్ళికి ఇంకో ఇరవై ఏళ్ళు తీసుకున్నాడు. పెళ్ళి మాట నాన్చడంలో ఆ రచయితని మించినవాడు లేడు.

ఒక హెచ్చరిక, ఒక సమాధానం

పాత ఫాంటమ్ కథలు కొత్తగా చదివేవాళ్ళకి ఒక సంగతి గుచ్చుకుంటుంది. నల్లజాతి అడవి తెగలన్నీ ఒక తెల్ల దొర మాటకి తల వంచుతుంటాయి. చిన్నప్పుడు మనకిది తట్టలేదు, ఇప్పుడు తట్టకుండా ఉండదు. 1930లు, 40ల కథల్లో ఇది బాగా ముదురు. తర్వాత ఫాక్ కథని మార్చుకుంటూ వచ్చాడు. బెంగాలా స్వతంత్ర దేశమైంది, డాక్టర్ లమాండా లువాగా దానికి అధ్యక్షుడయ్యాడు. 1977 పెళ్ళిలో ఆ లువాగా, పక్క దేశం అధ్యక్షుడు గోరాండా ఇద్దరూ పెద్దమనుషులుగా ఉన్నారు. 1936లో అయితే ఇలాంటి పెళ్ళిపందిరి ఊహించలేం. 41 ఏళ్ళ ఆలస్యం వల్ల కథకి జరిగిన మంచి ఇదొకటి. అమ్మాయి కూడా మారింది. మొదట్లో డయానా కాపాడబడే పిల్ల, పెళ్ళినాటికి ఐక్యరాజ్యసమితిలో పనిచేసే ఉద్యోగిని. అప్పుడు అడిగి ఉంటే ఒక అమ్మాయిని అడిగినట్టుండేది, 1977లో అడగడం సమానురాలిని అడగడం.

మరి ఏ వరసలో

తిన్నగా 1977 దగ్గరికి వెళ్ళొద్దు. ముందు 1936 నాటి మొదటి కథ, సింగ్ దొంగలది. రే మూర్ నీడల్లో డయానాని మొదటిసారి చూడండి. తర్వాత 1940ల మధ్యలో వచ్చిన ఫాంటమ్ చిన్ననాటి కథ. అడవిలో పెరిగిన కుర్రాడు చదువుకోసం అమెరికా మిస్సోరిలోని క్లార్క్స్‌విల్‌కి, పిన్నీ బాబాయిల ఇంటికి వెళతాడు. అక్కడే డయానా పరిచయం. తండ్రి చావుబతుకుల్లో ఉన్నాడని కబురు రాగానే అన్నీ వదిలి వెనక్కి వెళ్ళిపోతాడు. ఇది చదవకపోతే అతను ఎందుకు నోరు విప్పలేకపోతున్నాడో అర్థం కాదు. ఒకసారి వదిలి వెళ్ళినవాడు కదా. ఆ పైన 1960ల బ్యారీ కథలు మీకు దొరికినవి ఏవైనా రెండో మూడో. అప్పుడు 1977.

ఆ చివరి కథ మాత్రం ఒక్కసారే కూర్చుని చదివెయ్యొద్దు. రోజుకి ఆరు పట్టీలు, అంటే పత్రికలో ఒక వారం. మర్నాటికి దాచుకోండి. ఖర్చు పెట్టలేనివాళ్ళు ఇంద్రజాల్‌తోనే మొదలుపెట్టండి, తప్పేం లేదు, నేనూ అలాగే వచ్చాను. పేజీలు లెక్కపెట్టుకోవడం మరిచిపోకుండా ఉంటే చాలు.

పోయిన వేసవిలో మా అక్క వచ్చినప్పుడు ఇదంతా వరసగా చెప్పాను. వేతాల్ పెళ్ళయిందని దానికి తెలుసు గానీ తర్వాత సంగతులు తెలియవు. 1979లో కవలలు పుట్టారని, కిట్, హెలాయిస్ అని చెప్పాను. అడవిలో వాళ్ళకి చెట్టు మీద ఒక ఇల్లు కూడా ఉందని చెప్పాను. అన్నీ విని, “అయితే ఆ పిల్ల ఉద్యోగం మానేసి గుహలో కూర్చుందా?” అంది. పెళ్ళయ్యాక తను మానేసిన బ్యాంకు ఉద్యోగం ఆ గొంతులో ఉంది.

మానలేదక్కా అన్నాను. నమ్మకం కలగక, ఏదీ చూపించు అని కళ్ళజోడు పెట్టుకుంది.